డేటన్ దారిలో సొట్టపోయిన చక్రం

ఒహాయో అనగానే మన తెలుగువాళ్ళకి కొలంబస్ గుర్తొస్తుంది, సిన్సినాటి గుర్తొస్తుంది, అక్కడి గుళ్ళూ ఉగాది కార్యక్రమాలూ గుర్తొస్తాయి. డేటన్ ఊసు మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. ఇండియా నించి చుట్టాలొస్తే నయాగరా తీసుకెళ్తాం, ఓపికుంటే చికాగో. కొలంబస్ నించి డెబ్భై మైళ్ళ దూరంలో, గంటా పావులో చేరుకోగలిగే ఊరిని వదిలేస్తాం. విమానం అనేదాన్ని కనిపెట్టిన ఊరని తెలిసినా సరే, ‘ఏముంటుందిలే, ఇంకో మ్యూజియం’ అనుకుంటాం.

నాకు డేటన్ మీద కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. 2003లో ఎం.ఎస్. చెయ్యడానికి వచ్చి దిగింది అక్కడే, రైట్ స్టేట్ యూనివర్సిటీలో. ఆ పేరులోని రైట్ అంటే రైట్ సోదరులే. కారు కొనే స్తోమత లేని ఆ రోజుల్లో ఒక గరాజ్ సేల్‌లో ముప్పై డాలర్లకి ఒక రోడ్ బైక్ కొన్నాను. 1980లలో జపాన్‌లో తయారైన స్టీలు ఫ్రేము, వంకీ తిరిగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, పది గేర్లు. మా రూమ్మేట్లు దాన్ని ‘మేక’ అనేవాళ్ళు, హ్యాండిల్ కొమ్ముల్ని చూసి. తర్వాత ఉద్యోగాలు మారాయి, ఊళ్ళు మారాయి, నాలుగు కార్లు మారాయి. మేక మాత్రం గరాజ్‌లో అలాగే ఉంది. ఇప్పటికీ వేసవిలో నెలకి రెండు సార్లయినా తొక్కుతాను.

గతేడాది ఏప్రిల్‌లో మా మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, తణుకు నించి వచ్చారు. డెబ్భై రెండేళ్ళు. అత్తయ్యగారు పోయి ఏడాదిన్నర అయింది. ఇక్కడే ఉండిపొమ్మని మా ఆవిడ, గ్రీన్ కార్డ్ కాగితాలు పెట్టొచ్చని నేను. ఆయన ‘చూద్దాం లెండి’ అనడమే తప్ప అవునని అనలేదు, కాదనీ అనలేదు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఈ సంభాషణ జరిగే ఉంటుంది. ఉదయం వాకింగు, మధ్యాహ్నం యూట్యూబ్, సాయంత్రం మా కోసం కిటికీలోంచి ఎదురుచూపు. ఒక రోజు భోజనాల దగ్గర ఆయన ఉన్నట్టుండి, “ఇక్కడ నేను చేసే పనంటూ ఏముందండీ, చెత్తబుట్ట రోడ్డు మీదకి లాగడం తప్ప” అన్నారు. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మేలో ఒక శనివారం ఆయన్ని జీనియా తీసుకెళ్ళాను. డేటన్‌కి తూర్పున పదిహేను మైళ్ళ దూరంలో ఉన్న చిన్న ఊరు. జీనియా అనేది గ్రీకు మాట, ఆతిథ్యం అని అర్థం. పూర్వం అక్కడ రైలు మార్గాలు కలిసేవి. రైళ్ళు పోయాక ఆ పట్టాలు తీసేసి సైకిళ్ళకి తారు దారులు వేశారు. పాత స్టేషను నమూనాలో కట్టిన భవనం దగ్గర ఇప్పుడు రైలు మార్గాల బదులు సైకిలు దారులు కలుస్తాయి. డేటన్ చుట్టుపక్కల ఇలాంటి దారులు అన్నీ కలిపి 300 మైళ్ళ పైమాటే. వాటిల్లో బాగా పెద్దదొకటి లిటిల్ మయామీ దారి, స్ప్రింగ్‌ఫీల్డ్ నించి సిన్సినాటి దగ్గరి దాకా దాదాపు 78 మైళ్ళు. రైలు కోసం వేసిన కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు తెలియవు. మొక్కజొన్న చేల మధ్య నించి, చెట్ల గుబురుల కింద నించి పోతూనే ఉంటుంది. మావయ్యగారికి మా ఆవిడ సైకిలిచ్చాను. గేర్లు ముట్టుకోనన్నారు. “ఒకటే గేరు చాలండీ, మన కాలే గేరు” అని నాకంటే ముందు వెళ్ళిపోయారు.

పది మైళ్ళ లోపే యెల్లో స్ప్రింగ్స్. ఆంటియోక్ కాలేజీ ఉన్న ఊరు, హిప్పీల కాలం ఇంకా పూర్తిగా పోలేదనిపించే ఊరు. అక్కడ కాఫీ తాగి, దారి వదిలి మామూలు రోడ్డు మీద క్లిఫ్టన్ వైపు బయల్దేరాం. అక్కడ 1802 నాటి పిండిమర ఒకటుంది, మా ఆవిడా పిల్లలూ కారులో నేరుగా అక్కడికి వస్తామన్నారు. ఒహాయో రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. చలికాలంలో పగుళ్ళలోకి నీళ్ళు దిగి గడ్డకట్టి ఉబ్బుతాయి, వసంతం వచ్చేసరికి తారు పెచ్చులూడి గుంటలు తేలతాయి. పక్కనించి ఒక ట్రక్కు దాటుతోంది, ఎదురుగా గుంట, తప్పుకునే జాగా లేదు. ముందు చక్రం ఎలాగో దాటింది. వెనక చక్రం మాత్రం ‘ఠాప్’ మంది. దిగి చూస్తే ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు, రిమ్ముకి సొట్ట.

క్లిఫ్టన్ దాకా నడిపించుకెళ్ళి, కారు ఎక్కించి, దగ్గర్లో ఉన్న ఒక సైకిల్ షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. ఇది 27 అంగుళాల చక్రం, ఇప్పుడొచ్చే రోడ్ బైకులన్నీ 700సీ, కొత్త చక్రం తెప్పించి బిగించాలంటే పనితో కలిపి రెండొందల డాలర్లు దాటుతుంది, అంత పెట్టే బదులు కొత్త సైకిలే చూసుకోండి అన్నాడు. సొట్ట తీస్తారా అంటే నవ్వాడు. “ఇప్పుడు ఎవరూ అలా చెయ్యరండీ.” అతను చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. గంటకి ఇంత అని కూలి కట్టే చోట ముప్పై డాలర్ల సైకిలు మీద సగం పూట కూర్చుంటే షాపు నడవదు.

బయటికొచ్చాక మావయ్యగారు చక్రాన్ని చేత్తో పట్టుకుని తిప్పారు. ఒక చేతి బొటనవేలు రిమ్ము అంచున ఆనించి, కళ్ళు మూసుకుని తిప్పారు. ఆయనకి ఒక కంట్లో చూపు బాగా తగ్గింది. “అల్లుడుగారూ, దీనికి బెండు తీస్తే సరిపోతుందండీ. పగుళ్ళు గానీ లేకపోతే” అన్నారు.

ఆయన ముప్పై ఏళ్ళు పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశారని నాకు తెలుసు. అంతకుముందు, పదమూడో ఏట నించి పందొమ్మిదో ఏట దాకా, వాళ్ళ అన్నగారి సైకిల్ షాపులో కూర్చున్నారని పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకి ఆ కారు పార్కింగులో తెలిసింది. గంటకి పావలా అద్దె సైకిళ్ళు, పంచర్లు, ఓవరాయిలింగులు. బెండు తీసే పని అన్నగారు మొదట్లో ఈయన చేతికి ఇచ్చేవారు కాదట. రెండేళ్ళు చూశాక ఇచ్చారట.

ఆ రోజు ఎలాగూ డేటన్ వెళ్దామనుకున్నాం కాబట్టి చక్రం డిక్కీలో వేసుకుని వెళ్ళాం. సౌత్ విలియమ్స్ స్ట్రీట్‌లో 22వ నెంబరు ఇల్లు. ఎర్ర ఇటుకల రెండంతస్తుల చిన్న భవనం. 1895 నించి 1897 దాకా రైట్ సోదరులు సైకిల్ వ్యాపారం నడిపింది ఇక్కడే. ఇప్పుడు నేషనల్ పార్క్ వాళ్ళ చేతిలో ఉంది, టిక్కెట్టు లేదు. తర్వాత వాళ్ళు మారిన వెస్ట్ థర్డ్ స్ట్రీట్ షాపుని, అంటే విమానం పనంతా జరిగిన షాపుని, హెన్రీ ఫోర్డ్ 1930లలో కొని ఊడదీయించి మిషిగన్‌లోని తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌కి పట్టుకుపోయాడు. డేటన్‌కి మిగిలింది ఈ ఒక్క షాపే.

1892లో వాళ్ళు సైకిళ్ళు అమ్మడం, బాగుచెయ్యడం మొదలుపెట్టారు. 1896 నించి సొంతంగా తయారుచేశారు. వాన్ క్లీవ్ అని ఒకటి, సెయింట్ క్లెయిర్ అని ఇంకొకటి. ఆ కాలం సైకిళ్ళకి రిమ్ములు చెక్కవి. మావయ్యగారు ఆ మాట నమ్మలేదు. చూపించాక కూడా కాసేపు అలాగే నిలబడిపోయి, “వానలో నానితే?” అని అడిగారు. పార్క్ రేంజర్‌కి ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులో చెబితే ఆవిడ పెద్దగా నవ్వి, అందుకే స్టీలు వచ్చింది అన్నారు.

నేను అక్కడ ఆయనకి చెప్పిన సంగతి ఒకటి మీకూ చెబుతాను, ఎందుకంటే చక్రం గురించి ఇంత ముచ్చటైన కథ ఇంకోటి నాకు తెలియదు. 1901లో గ్లైడర్ అనుకున్నంత ఎత్తు లేవకపోవడంతో, అప్పటిదాకా పుస్తకాల్లో ఉన్న గాలి లెక్కల మీద వాళ్ళకి అనుమానం వచ్చింది. సైకిలు హ్యాండిల్ ముందర ఇంకో చక్రాన్ని పడుకోబెట్టి బిగించారు, గిరగిరా తిరిగేలాగ. దాని రిమ్ము మీద ఒక చోట రెక్క నమూనా, ఇంకో చోట బల్లపరుపు రేకు నిలబెట్టారు. డేటన్ వీధుల్లో జోరుగా తొక్కుతూ, గాలికి చక్రం ఎటు తిరుగుతుందో చూశారు. పుస్తకాల్లోని లెక్క మీద అనుమానం బలపడింది. ఆ తర్వాత చెక్కపెట్టెతో గాలి సొరంగం కట్టి దాదాపు 200 రకాల రెక్కల్ని పరీక్షించారు. అందులో తూచే త్రాసుల్ని దేనితో చేశారనుకున్నారు? విరిగిన రంపపు బ్లేళ్ళూ, సైకిలు పుల్లల తీగా.

“అయితే వీళ్ళూ మన షాపు బాపతే” అన్నారు మావయ్యగారు.

ఇంకో తమాషా కూడా ఉంది. మనం చూసే పుల్లల చక్రం, లాగుడు మీద నిలబడే చక్రం, మొదట ఊహించింది సైకిలు కోసం కాదు. 1808లో ఇంగ్లండులో జార్జ్ కేలీ అనే ఆయన ఎగిరే యంత్రానికి తేలికపాటి చక్రం కావాలని అలాంటిది తన పుస్తకంలో గీసుకున్నాడు. ఎగిరే యంత్రం రాకముందే చక్రం సైకిలుకి వచ్చేసింది. మళ్ళీ ఆ సైకిలు షాపులోంచే ఎగిరే యంత్రం వచ్చింది.

డేటన్‌లో సైకిలు కథ అంతటితో అయిపోలేదు. ఇక్కడి పిల్లలు మూడు తరాల పాటు తొక్కిన హఫీ సైకిళ్ళు ఈ ప్రాంతపు కంపెనీవే. ఉత్తరాన సెలైనా ఊళ్ళో వాళ్ళకి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1998లో మూసేశారు.

ఆదివారం ఉదయం మా గరాజ్‌లో పని మొదలైంది. చక్రాల గురించి 1981లో జాబ్స్ట్ బ్రాండ్ అనే ఇంజనీరు రాసిన పుస్తకం నా దగ్గర ఉంది. అందులో చెప్పినదాని సారం ఏమిటంటే, ఒక్కొక్క పుల్లా ముందే బాగా లాగి బిగించి ఉంటుంది. మనం ఎక్కి కూర్చుంటే, నేలకి ఆనిన చోటున్న పుల్లలు కొద్దిగా వదులవుతాయి, అంతే. పూర్తిగా వదులైపోనంత కాలం చక్రం నిలబడుతుంది. ఇది మావయ్యగారికి చెప్పాను. ఆయన వినీ వినకుండా పుల్లల్ని వేలితో మీటుతున్నారు. సొట్ట దగ్గర నాలుగు పుల్లలు ‘టప్’ మన్నాయి, మిగతావి ‘టింగ్’ మన్నాయి. “మీ పుస్తకం చెప్పింది ఇదేనాండీ?” అన్నారు.

లెక్కపెట్టి, “36 ఏంటండీ? మన సైకిళ్ళకి ముందు 32, వెనక 40” అన్నారు. వెనక బరువెక్కువ కాబట్టి వెనక పుల్లలెక్కువ. ఈ జపాన్ వాడికి రెండు వైపులా ఒకే లెక్క ఎందుకన్నది ఆయనకి చివరిదాకా నచ్చలేదు.

ముందు రిమ్ముని శుభ్రంగా తుడిచి పగుళ్ళ కోసం వెతికాం. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఈ రిమ్ము అల్యూమినియం. స్టీలు ఎన్నిసార్లు వంచినా కాస్త ఓర్చుకుంటుంది, అల్యూమినియం ఓర్చుకోదు. ఒకసారి వంగితే ఒకసారి సరిచెయ్యొచ్చు, మళ్ళీ మళ్ళీ వంచితే విరుగుతుంది. నేను ఫోను లైటూ భూతద్దం పట్టుకుని పుల్లలు దూరే రంధ్రాల చుట్టూ చూశాను, ఆయన గోటితో అంచంతా తడుముతూ వచ్చారు. బ్రేకు రబ్బర్లు రాసుకునే పక్కగోడ మీద స్కేలు నిలబెట్టి అరిగి గుంటపడిందేమో చూశాం. పగులు కనబడితే ఆ క్షణంలోనే చెత్తబుట్టలో పడేద్దామని ముందే ఒప్పందం. కనబడలేదు.

నిప్పిళ్ళకి నూనె చుక్కలు వేసి అరగంట ఆగాం. నలభై ఏళ్ళ తుప్పు, తొందరపడితే పుల్ల తెగుతుంది. తర్వాత సొట్ట దగ్గర నాలుగు పుల్లల్నీ రెండేసి చుట్లు వదులు చేశారు. నేల మీద రెండు చెక్కముక్కలు జానెడు ఎడంగా పెట్టి, టైరు తీసేసిన చక్రాన్ని వాటి మీద నిలువుగా నిలబెట్టారు, సొట్ట సరిగ్గా ఆ సందు మీదకి వచ్చేలాగ. చక్రం కదలకుండా పట్టుకోవడం నా పని. రిమ్ము లోపలి వైపున పుల్లల మధ్య ఒక చెక్క దిమ్మ ఆనించి రబ్బరు సుత్తితో కొట్టారు. గట్టిగా ఒక్క దెబ్బ కాదు, చిన్న చిన్న దెబ్బలు, ప్రతి రెండు దెబ్బలకీ ఆగి బొటనవేలితో చూడటం. ఐదు మిల్లీమీటర్ల లోతున్న సొట్ట ఒకటి, ఒకటిన్నరకి వచ్చింది. “ఇక చాలండీ. మిగిలింది పుల్లలు చూసుకుంటాయి” అని సుత్తి పక్కన పెట్టేశారు.

పక్కగోడ ఒకచోట బయటికి ఉబ్బింది. అలాగే వదిలేస్తే బ్రేకు పట్టినప్పుడల్లా అక్కడ టక్కు టక్కుమని కొట్టుకుంటుంది. రిమ్ము గాడిలో సరిగ్గా సరిపడే చెక్క బద్ద దూర్చి, వైసు దవడలకి కోకు డబ్బా రేకు చుట్టి, నెమ్మదిగా బిగించాం. లోపల బద్ద ఉంది కాబట్టి కావలసినంత కంటే లోపలికి పోదు. బద్ద కొలత నేను డిజిటల్ కాలిపర్‌తో కొలిచాను. కన్సల్టెంటుని కదా, ఏదో ఒకటి కొలవకపోతే తోచదు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక అసలు పని. సైకిలుని తలకిందులుగా నిలబెట్టి చక్రం ఎక్కించారు. ఒక సుద్దముక్క తీసుకుని చెయ్యి ఫ్రేముకి ఆనించి, తిరుగుతున్న రిమ్ముకి దగ్గరగా తెచ్చారు. రిమ్ము ఎక్కడ ఆ పక్కకి వాలుతుందో అక్కడ సుద్ద గీత పడుతుంది. కుడివైపు వాలితే అక్కడ ఎడమ పుల్లలు బిగించాలి, కుడి పుల్లలు వదలాలి. పైకి లేస్తే రెండూ బిగించాలి, లోపలికి పోతే రెండూ వదలాలి. చెప్పడానికి ఇంతే. చిక్కేమిటంటే నిప్పిల్‌ని రిమ్ము బయటినించి చూస్తే గడియారం వైపు తిప్పితే బిగుస్తుంది, మనం చూసేది లోపలి నించి కాబట్టి అంతా తిరగబడుతుంది. పైగా ఒక పుల్ల కదిలిస్తే పక్కవాటి లాగుడూ మారుతుంది. ఒక లైను మారిస్తే ఇంకో మూడు చోట్ల బగ్గులు లేచే పాత ప్రోగ్రాముల్లాగే. అందుకే ఎప్పుడూ పావు చుట్టు, మహా అయితే అర. ఆయన అంతకు మించి తిప్పడం నేను చూడలేదు.

మూడు గంటలు పట్టింది. మధ్యలో మా అబ్బాయి వచ్చి చూసి, ఐపాడ్ పక్కన పెట్టి, సుద్దముక్క పట్టుకోవడానికి కూర్చున్నాడు. వాడికి తెలుగు అంతంత మాత్రం, ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. గీత పడిందా లేదా అన్నదానికి భాష పెద్దగా అక్కర్లేదు. ఆయన చివర్లో పుల్లల్ని రెండేసి జతలుగా గుప్పిట్లో పట్టుకుని గట్టిగా నొక్కారు, చక్రం చుట్టూ. ‘కిర్రు కిర్రు’ మని చప్పుడొచ్చింది. పుల్లల్లో మిగిలిపోయిన ఒత్తిడి పోవడానికి అలా చెయ్యాలని బ్రాండ్ పుస్తకంలోనూ ఉంది. ఈయనకి ఎవరు చెప్పారని అడిగితే, “అన్నయ్య చేసేవాడు, నేనూ చేశాను” అన్నారు.

పక్క ఊగుడు మిల్లీమీటరు లోపుకి వచ్చింది. ఎత్తుపల్లం మాత్రం ఒక మిల్లీమీటరు మిగిలింది. ఆ నాలుగు పుల్లల్లో రెండు మిగతావాటంత బిగువుగా లేవు, ఉండవు కూడా. దాన్ని దాచాల్సిన పని లేదు. ఈ చక్రం మీద సామాను వేసుకుని కొండ దిగను, గంటకి ముప్పై మైళ్ళు తొక్కను. టైరు మీద రాసి ఉన్నదానికంటే తక్కువ గాలి పెడతాను, ఎలాగూ ఇవి కొక్కెం అంచు లేని పాతకాలపు రిమ్ములు. చదునైన రైలు కట్ట మీద పోవడానికి ఈ చక్రం చాలు. ఒకవేళ మీ గరాజ్‌లోనూ 27 అంగుళాల పాత సైకిలుండి, రిమ్ము నిజంగానే పోయిందనుకోండి, 700సీ చక్రం వెయ్యొచ్చేమో చూడండి. టైరు కూర్చునే చోట 27 అంగుళాల రిమ్ము వ్యాసం 630 మిల్లీమీటర్లు, దానిది 622. అంటే బ్రేకు రబ్బర్లు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగాలి. చాలా పాత బ్రేకులకి ఆ జాగా ఉంటుంది. వెనక ఫ్రేము వెడల్పు కూడా కొలుచుకోండి.

మరుసటి శనివారం మళ్ళీ జీనియా వెళ్ళాం. మొదటి మైలు నేను నెమ్మదిగా తొక్కుతూ మాటిమాటికీ వెనక బ్రేకు పట్టి చూశాను. టక్కుమన్న చప్పుడు లేదు. రెండో మైలులో మావయ్యగారు సైకిళ్ళు మార్చుకుందామన్నారు. వద్దన్నాను. “నేను బెండు తీసిన చక్రం నేను ఎక్కకపోతే ఎలాగండీ? అన్నయ్య షాపులో మొదటి చుట్టు మాదే” అన్నారు. వంకీ హ్యాండిల్ మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యని మనిషి, పై భాగం పట్టుకుని నిటారుగా కూర్చుని, యెల్లో స్ప్రింగ్స్ దాకా అలాగే వచ్చారు. ఆ పైన యంగ్స్ జెర్సీ డైరీలో ఐస్‌క్రీము తిన్నాం.

ఆ వేసవిలో మా వీధిలో నాలుగు సైకిళ్ళకి బెండు తీశారు. ఒకటి ఎదురింటి అమెరికన్ ఆవిడది, ఆవిడ అరటిపండు బ్రెడ్డు చేసి తెచ్చింది. ఐదో సైకిలు రిమ్ముకి నిప్పిల్ పక్కన వెంట్రుకంత పగులు ఆయన గోటికి తగిలింది. అది ముట్టుకోలేదు. ఆ పిల్లవాడు ఏడ్చినా సరే, పారెయ్యమనే చెప్పారు.

అక్టోబరు మొదటి వారంలో ఆయన తణుకు వెళ్ళిపోయారు. గ్రీన్ కార్డ్ సంగతి మళ్ళీ ఎవరం ఎత్తలేదు. వచ్చే ఏప్రిల్‌కి టిక్కెట్టు మాత్రం ఆయనే తీయించమన్నారు, నిప్పిల్ తిప్పే మంచి పానా ఒకటి కొని ఉంచమన్నారు. వెళ్ళే ముందు, యాభై మైళ్ళు తిరిగాక ఒకసారి చూసుకోవాలని నాకు మరీ మరీ చెప్పారు. కొత్తగా సర్దిన పుల్లలు కొన్ని వదులవుతాయట.

యాభై మైళ్ళయ్యాక వాట్సాప్‌లో ఫోన్ చేసి, గరాజ్‌లో చక్రం పక్కన ఫోను పెట్టి, గాలి పంపు బిగించే రంధ్రం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క పుల్లే మీటుకుంటూ వెళ్ళాను. అటు కాకుల అరుపులు, ఎవరో పాలవాడి బండి హారను. ఆయన ఏమీ మాట్లాడకుండా విన్నారు. పదకొండో పుల్ల దగ్గర, “ఆగండి. అది ఇంకోసారి” అన్నారు. మళ్ళీ మీటాను.

“పావు చుట్టు. అంతకంటే వద్దు” అన్నారు.